దీపం మినుకుమంటోంది.. ట్యాబ్ పలకదేం?

మియాపూర్‌లో ఓ అపార్ట్‌మెంట్, ఐదో అంతస్తు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు కాస్త సద్దుమణిగింది. హాల్లో తాతయ్య టీవీలో పాత సినిమా పెట్టుకున్నారు. పడగ్గదిలో తొమ్మిదో తరగతి చదివే మనవడు ట్యాబ్‌ను దిండుకు ఆనించి, ప్లేస్టేషన్ 4 కంట్రోలర్‌ను రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. బ్లూటూత్ ఆన్ చేశాడు. కంట్రోలర్ మధ్యలో ఉన్న గుండ్రటి బటన్ నొక్కాడు. దాని ముందువైపు దీపం తెల్లగా మినుకుమని, కాసేపటికి నీలంగా నిలబడింది. ట్యాబ్‌లో మాత్రం కొత్త పేరేదీ రాలేదు. ఇంతలో హాల్లోంచి కేక.

"ఒరేయ్ చిన్నా, నా సినిమా పోయి నీ గేమ్ బొమ్మ వచ్చిందేంట్రా? నేనేం నొక్కలేదు!"

వెనకే వంటింట్లోంచి అమ్మ గొంతు. "ఆ రిమోట్ అవతల పెట్టి పుస్తకం తియ్యి. పాడైపోయి ఉంటుంది."

కంట్రోలర్ పాడవలేదు. బటన్ నొక్కగానే తనకు తెలిసిన ఒకే ఒక్క యంత్రాన్ని పిలిచింది. హాల్లో నిద్రావస్థలో ఉన్న ప్లేస్టేషన్ ఆ పిలుపు విని లేచింది, లేస్తూ లేస్తూ టీవీని కూడా తనవైపు తిప్పుకుంది. సంతలో అమ్మేసిన ఆవు సాయంత్రానికి పాత దొడ్డికే చేరుకున్నట్టు, వైర్‌లెస్ కంట్రోలర్ ఎప్పుడూ ముందు తన పాత చోటినే వెతుక్కుంటుంది. ఈ సంగతి ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. కంట్రోలర్ పెట్టె మీద కూడా రాసి ఉండదు.

ఆట మీద చర్చ, ఇంట్లో ట్యాబ్

'ఆన్‌లైన్ గేమ్' అనగానే ఇళ్లలో గొంతులు పెరుగుతున్న రోజులివి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌నూ సరదాగా ఆడుకునే ఆటలనూ వేరుచేసి ప్రోత్సహిస్తామంది. చట్టం గీసిన ఆ గీత మన ఇళ్లలో ఇంకా పడలేదు. పిల్లవాడి చేతిలో ట్యాబ్ కనబడితే చాలు, వాడు కారు పరుగు పందెం ఆడుతున్నాడా, మరొకటా అని చూడకుండానే లాక్కునే పెద్దలున్నారు. వాళ్ల భయం అర్థమవుతుంది. అయితే ఆట ఎలా ఆడుతున్నారన్నదీ ముఖ్యమే. ఒక్కడే మూల కూర్చుని అద్దం మీద వేళ్లు రాస్తూ ఆడటం ఒక పద్ధతి. ట్యాబ్‌ను బల్ల మీద నిలబెట్టి, నలుగురూ చూస్తుండగా కంట్రోలర్లతో ఆడటం ఇంకో పద్ధతి. ఈ రెండో పద్ధతిని మనం తగినంతగా వాడుకోవడం లేదన్నదే ఈ కథనం ఉద్దేశం.

ట్యాబ్‌లకు కొదవ లేదు. 2020లో కరోనా బడులు మూయించాక ఆన్‌లైన్ క్లాసుల కోసం అప్పు చేసి మరీ కొన్నవాళ్లున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వమే ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాల కోసం ట్యాబ్‌లు పంచింది. అవి చదువుకే పరిమితమైనవి కాబట్టి వాటి జోలికి వెళ్లొద్దు. సొంతంగా కొన్న ట్యాబ్‌లు మాత్రం ఎన్నో ఇళ్లలో అలమారలో పడి ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. మధ్యతరగతి నాన్న ఒకటికి రెండుసార్లు ఆలోచించే మొత్తం. ఉన్న ట్యాబ్‌కు ఒక కంట్రోలర్ కొని తగిలిస్తే ఖర్చు అందులో చిన్న భాగమే.

అద్దం మీద వేలు, బటన్ మీద వేలు

టచ్‌స్క్రీన్ మీద ఆడేటప్పుడు రెండు బొటనవేళ్లూ బొమ్మను కప్పేస్తాయి. ఏది ఎక్కడుందో వేలికి తెలియదు, అద్దం అంతా ఒకేలా నున్నగా ఉంటుంది. ఎడమవైపు గీసిన వృత్తం మీద వేలు కాస్త జారితే ఆటలోని మనిషి నడక ఆగిపోతుంది. ఆ జారుడు సరిచూసుకోవడానికి పిల్లలు తల వంచి తెర మీదికి వాలిపోతారు. కంట్రోలర్ బటన్‌కు అంచు ఉంటుంది, నొక్కితే లోపలికి దిగుతుంది, వదిలితే పైకి లేస్తుంది. చూడక్కర్లేకుండానే వేలికి దారి దొరుకుతుంది. ట్యాబ్ అల్లంత దూరంలో ఉంటుంది కాబట్టి మెడ కూడా నిటారుగా ఉంటుంది.

తొంభైల్లో టీవీకి తగిలించి వీడియో గేమ్ ఆడినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. జపాన్ నింటెండో యంత్రానికి నకళ్లుగా మన ఊళ్లకు వచ్చిన ఆ డబ్బాలకు రెండు రిమోట్లుండేవి. చాలావాటిలో రెండో రిమోట్‌కు స్టార్ట్ బటన్ ఉండేది కాదు. దాంతో ఆట మొదలుపెట్టే హక్కు ఎప్పుడూ అన్నయ్యదే. క్యాసెట్ పెట్టి, పని చేయకపోతే ఊది, మళ్లీ పెట్టి, 'కాంట్రా'లో పక్కపక్కన ఇద్దరు సిపాయిలై పరిగెత్తిన తరం ఇప్పుడు నలభైల్లో ఉంది. వైరు గుచ్చితే పని చేసేది, పీకితే ఆగేది. జత చేయడమనే ప్రశ్నే లేదు.

▌అప్పట్లో జత ఇలా కుదిరేది
నింటెండో 2002లో తెచ్చిన వేవ్‌బర్డ్ వైర్‌లెస్ కంట్రోలర్‌కు ఒక చక్రం ఉండేది. దాని మీద 1 నుంచి 16 దాకా అంకెలు. గేమ్ యంత్రానికి తగిలించే రిసీవర్ మీదా అదే చక్రం. రెండింటినీ ఒకే అంకెకు తిప్పితే సరిపోయేది. 2006లో వచ్చిన నింటెండో వీకి చిన్న మూత వెనక ఎర్ర బటన్ పెట్టారు. అదే ఏడాది వచ్చిన ప్లేస్టేషన్ 3కైతే కంట్రోలర్‌ను ఒకసారి కేబుల్‌తో గుచ్చితే యంత్రం గుర్తుపెట్టుకునేది.

అసలు లోపల జరిగేదేమిటి?

చక్రం పోయింది, ఎర్ర బటన్ పోయింది. ఇప్పుడంతా బ్లూటూత్ లోపల జరిగిపోతుంది. మొదటిసారి కలిపేటప్పుడు కంట్రోలర్ 'నేనిక్కడున్నాను' అని చుట్టుపక్కల అందరికీ వినబడేలా చాటుతుంది. ట్యాబ్ ఆ మాట విని పేరును తెర మీద చూపిస్తుంది. మనం ఆ పేరు నొక్కగానే రెండూ ఒక రహస్య తాళంచెవిని తయారుచేసుకుని, చెరో ప్రతి దాచుకుంటాయి. ఇదే పెయిరింగ్. మర్నాటి నుంచి చాటింపు ఉండదు. మధ్య బటన్ నొక్కితే కంట్రోలర్ తన దగ్గరున్న తాళంచెవి ఎవరిదో చూసుకుని నేరుగా వాళ్లనే పిలుస్తుంది.

తొలిసారి జత చేయడం వేరు, జతయిన దాన్ని మళ్లీ పిలవడం వేరు. మియాపూర్ పిల్లవాడు రెండోది చేసి మొదటిది జరుగుతుందనుకున్నాడు. సమస్య దాదాపు ప్రతిసారీ ఇక్కడే.

కొత్త జత కావాలంటే చాటింపు వేయించాలి. అందుకు ఒక్కో కంట్రోలర్‌కు ఒక్కో పద్ధతి. ప్లేస్టేషన్ 4 డ్యూయల్‌షాక్‌కు షేర్ అని రాసి ఉన్న సన్న బటన్, మధ్యలోని పీఎస్ బటన్ రెండూ కలిపి నొక్కి పట్టుకోవాలి. దీపం జంట మెరుపులుగా గబగబా కొట్టుకునేదాకా వదలకూడదు. ఒక్కటొక్కటిగా నెమ్మదిగా మినుకుమంటే అది పాతవాళ్లను పిలుస్తోందని అర్థం. ప్లేస్టేషన్ 5 డ్యూయల్‌సెన్స్‌లో షేర్ స్థానంలో క్రియేట్ బటన్ ఉంటుంది, మిగతాదంతా అదే. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కు పై అంచున, కేబుల్ గుచ్చే చోటికి దగ్గర్లో, గోరంత బటన్ ఉంటుంది. ముందు కంట్రోలర్ ఆన్ చేసి దాన్ని మూడు సెకన్లు పట్టుకుంటే మధ్యలోని గుర్తు వేగంగా మెరుస్తుంది. 8బిట్‌డూ కంపెనీవి చాలావరకు ఆన్ చేసేటప్పుడే ఎవరితో మాట్లాడాలో అడుగుతాయి. స్టార్ట్‌తో పాటు బి నొక్కితే ఆండ్రాయిడ్, వై నొక్కితే నింటెండో స్విచ్. తప్పు బటన్‌తో ఆన్ చేస్తే జత కుదిరినట్టే కనిపిస్తుంది, ఆటలో మాత్రం బటన్లు తారుమారవుతాయి.

ఇన్ని రకాలుండటం వాడేవాళ్ల తప్పు కాదు. తెర లేని వస్తువు చేతికిచ్చి, దీపం మెరుపులతోనే అంతా గ్రహించమనడం తయారీదారుల లోపమే అని గట్టిగా చెప్పాలి. ఏ బటన్లు నొక్కాలో ప్లాస్టిక్ మీద రెండు మాటలు అచ్చు వేస్తే ఏం పోయింది?

జత చేసే ముందు పాత యజమాని నోరు మూయించాలి. గేమ్ యంత్రాన్ని రిమోట్‌తో ఆపితే చాలదు, ప్లగ్గు దగ్గర స్విచ్ తీసేయాలి. అంతకుముందు అన్నయ్య ఫోన్‌తో కలిపి ఉంటే ఆ ఫోన్‌లో బ్లూటూత్ ఆపాలి. ఒకప్పుడు జత అయి ఇప్పుడు మొండికేస్తుంటే ట్యాబ్ జాబితాలో ఆ పేరు పక్కన 'ఫర్గెట్' నొక్కి మొదటినుంచి మొదలుపెట్టాలి. అప్పటికీ లొంగకపోతే డ్యూయల్‌షాక్‌ను వెనక్కి తిప్పి చూడండి. ఎల్2 బటన్‌కు దగ్గర్లో సూది మొన పట్టేంత రంధ్రం ఉంటుంది. పేపర్ క్లిప్‌ను సాగదీసి అందులో పెట్టి ఐదు సెకన్లు నొక్కితే లోపల చిన్న మీట కదిలినట్టు వేలికి తెలుస్తుంది. పాత తాళంచెవులన్నీ పోయి కంట్రోలర్ కొత్తదానిలా లేస్తుంది. డ్యూయల్‌సెన్స్‌కూ వెనకాల ఇలాంటిదే ఉంది. అయితే దానికి ఈ అవస్థ తగ్గింది. 2025లో వచ్చిన అప్‌డేట్ తర్వాత అది నాలుగు పరికరాలను గుర్తుపెట్టుకోగలదు.

▌రాజుగారి పేరు
బ్లూటూత్ స్వీడన్‌లోని ఎరిక్‌సన్ సంస్థలో 1994లో మొదలైన పని. 1998లో కొన్ని కంపెనీలు కలిసి ఒక సంఘంగా ఏర్పడి ప్రమాణాలు రాసుకున్నాయి. పేరు మాత్రం పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్‌ది. బ్లూటూత్ గుర్తు ఆయన పేరులోని రెండు తొలి అక్షరాలను పాత నార్స్ లిపిలో కలిపి గీసినది.

'వైర్‌లెస్' అని ఉంటే చాలదు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్. సీటీసీ అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. ఇరుకు వరండాల్లో, పైనుంచి కేబుళ్లు వేలాడే దుకాణాల ముందు పిల్లలు రోజూ అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ట్యాబ్‌కి వైర్‌లెస్ జాయ్‌స్టిక్ ఉందా?" "ఉంది తమ్ముడూ" అని పెట్టె బయటికి తీస్తారు. పెట్టె మీద వైర్‌లెస్ అనే ఉంటుంది. ఇంటికెళ్లి తెరిస్తే లోపల గోరంత యూఎస్‌బీ రిసీవర్ కనబడుతుంది. అది కంప్యూటర్‌కు గుచ్చేది. ఆ కంట్రోలర్‌లో బ్లూటూత్ అసలు లేదు, ట్యాబ్ దాన్ని ఎంత వెతికినా కనిపించదు. ఓటీజీ ముక్క తగిలించి రిసీవర్‌ను ట్యాబ్‌కే గుచ్చితే కొన్ని ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు ఒప్పుకుంటాయి. కానీ ముందే తెలిసి కొనుక్కోవడం వేరు.

అడగాల్సిన ప్రశ్న 'బ్లూటూత్ ఉందా' అని. ఇంకా మంచి పద్ధతి, ట్యాబ్‌ను వెంట తీసుకెళ్లి కౌంటర్ మీదే కలిపి చూపించమనడం. కాస్మిక్ బైట్, ఎవోఫాక్స్, రెడ్‌గేర్ లాంటి పేర్లతో మన మార్కెట్లో చవకగా దొరికే వాటిలో బ్లూటూత్ ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. ఒకే కంపెనీలో పక్కపక్క మోడళ్లే తేడాగా ఉండొచ్చు. సోనీ గుర్తు వేసుకుని సగం ధరకు వచ్చే నకిలీలతోనూ జాగ్రత్త. అవి గేమ్ యంత్రంతో బాగానే పలికి, ట్యాబ్ దగ్గరికి వచ్చేసరికి మూగబోవచ్చు.

పాత ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు దాని ముఖం చూస్తే చాలు. 2013లో వచ్చిన మొదటి రకానికి బ్లూటూత్ లేదు. మధ్యలోని ఎక్స్‌బాక్స్ గుర్తు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పై భుజాల బటన్లతో కలిసిన నిగనిగలాడే ముక్కయితే అది పాతది. ముందు ముఖంతో కలిసిపోయిన గరుకు ప్లాస్టిక్ అయితే 2016 తర్వాతది, బ్లూటూత్ ఉంది.

అమెరికా నుంచి అన్నయ్యో, అత్తయ్యో తెచ్చిన కంట్రోలర్ ఇక్కడ పని చేస్తుందా అని అడిగేవాళ్లు చాలామంది. నిశ్చింతగా పని చేస్తుంది. బ్లూటూత్ ఏ దేశంలోనైనా ఒకటే, చార్జింగ్ యూఎస్‌బీతో కాబట్టి వోల్టేజీ గొడవా లేదు. ఎక్స్‌బాక్స్‌వి చాలావరకు రెండు ఏఏ సెల్స్‌తో నడుస్తాయి, అవి కిరాణా కొట్లో దొరుకుతాయి.

▌మీ ట్యాబ్ ఎప్పటిది?
ఆండ్రాయిడ్‌లో గేమ్ కంట్రోలర్లకు చోటు 2011లో వచ్చిన 3.1 వెర్షన్ నుంచే ఉంది. ఆపిల్ 2013లో తలుపు తెరిచినా, తన అనుమతి ఉన్నవాటికే. 2019లో ఐప్యాడ్ ఓఎస్ 13తో డ్యూయల్‌షాక్‌నూ, బ్లూటూత్ ఉన్న ఎక్స్‌బాక్స్ కంట్రోలర్లనూ రానిచ్చింది. డ్యూయల్‌సెన్స్‌కు 14.5, నింటెండో స్విచ్ ప్రో కంట్రోలర్‌కు 16వ వెర్షన్ ఉండాలి.

కలిసింది.. ఆట కదలదే!

జత కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఆట తెరవక్కర్లేదు. ఆండ్రాయిడ్ ట్యాబ్ హోం తెర మీదే ఉండి, కంట్రోలర్ ఎడమవైపున్న బాణం బటన్లు నొక్కండి. ఐకాన్ల చుట్టూ గీత ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకితే జత కుదిరినట్టే. ఐప్యాడ్‌లో అయితే సెట్టింగ్స్‌లో 'గేమ్ కంట్రోలర్' అనే వరస కొత్తగా కనిపిస్తుంది.

అయినా ఆటలో ఏ బటనూ పని చేయకపోతే తప్పు ఆటది. కంట్రోలర్ మాటలు వినాలా వద్దా అన్నది ఆట తయారుచేసినవాళ్లు నిర్ణయిస్తారు. మైన్‌క్రాఫ్ట్ వింటుంది, కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ వింటుంది, అస్ఫాల్ట్ కార్ల పందేలు వింటాయి. మన పిల్లలు ఎక్కువగా ఆడే బీజీఎంఐ వినదు. దానికోసం బటన్‌ను వేలి స్పర్శగా మార్చి చూపే మధ్యవర్తి యాప్‌లు దొరుకుతాయి. వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఆట నిర్వాహకులు దాన్ని మోసంగా లెక్కిస్తే నెలల తరబడి ఆడిన ఖాతా మూతపడుతుంది. కాల్ ఆఫ్ డ్యూటీ ఈ విషయంలో మంచి పద్ధతి పెట్టింది. కంట్రోలర్‌తో ఆడేవాళ్లను కంట్రోలర్ ఉన్నవాళ్లతోనే పోటీకి దింపుతుంది. ఎవరికీ అన్యాయం జరగదు.

టీవీ తాతయ్య చేతిలో ఉన్న ఇళ్లలో ఇంకో దారి ఉంది. ప్లేస్టేషన్ రిమోట్ ప్లే అనే యాప్‌తో గేమ్ యంత్రం హాల్లోనే ఉండి, దాని బొమ్మ వైఫై మీద ట్యాబ్‌కు వస్తుంది. కంట్రోలర్ ట్యాబ్‌తో జత అయి ఉంటుంది. సినిమా సినిమాదే, ఆట ఆటదే. సెకనుకు కనీసం 5 మెగాబిట్ల వేగం కావాలి, 15 ఉంటే హాయి.

గాలిలో రద్దీ

కంట్రోలర్ ఉండుండి తెగిపోతోందా? పక్క గదిలో మైక్రోవేవ్ తిరుగుతోందేమో చూడండి. బ్లూటూత్, పాత వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పని చేస్తాయి. మన దేశంలో ఈ పట్టీని లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని 2005 జనవరిలో ప్రకటించారు. ఇంటింటికీ వైఫై రావడానికి దారి చూపిన నిర్ణయమది. అపార్ట్‌మెంట్లలో రద్దీ కూడా దాంతోపాటే వచ్చింది. ఆ రద్దీలో బ్లూటూత్ బతికేది ఒకచోట నిలవకుండా గెంతడం వల్ల. మామూలు బ్లూటూత్ 79 చానళ్ల మధ్య సెకనుకు 1,600 సార్లు చోటు మారుతుంది. వైఫైతో కిక్కిరిసిన చానళ్లను తప్పించుకోవడం 2003 నాటి వెర్షన్‌లో నేర్చుకుంది.

ఇంట్లో వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మారిస్తే సగం తలనొప్పి తీరుతుంది. ఆడేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అదే రేడియో రెండు పనులూ చేయాలి. పైగా శబ్దం ఆలస్యంగా వస్తుంది, తుపాకీ పేలిన తర్వాత చప్పుడు వినబడుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్లే మేలు.

బటన్ అవసరమైన చేతులు

ఇంతవరకూ సరదా కోసం ఆడేవాళ్ల సంగతి. అద్దం మీద వేలు నిలవనివాళ్లు కూడా ఉన్నారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు వేలు అనుకున్న చోట ఆగదు. కండరాల బలం తగ్గిపోయే జబ్బులున్నవాళ్లు చేయి ఎత్తి తెరను తాకలేరు. వాళ్లకు ఆట అందేది బటన్ ద్వారానే.

2018లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. పలకలా వెడల్పుగా ఉంటుంది, పైన అరచేతితో కొట్టగలిగేంత పెద్ద నల్ల బటన్లు రెండు. వెనకవైపు ఇయర్‌ఫోన్ పిన్ను పట్టే రంధ్రాలు 19. ఒక్కో రంధ్రానికి ఒక్కో స్విచ్ తగిలించుకుని, కాలితోనో మోచేత్తోనో గడ్డంతోనో ఎవరికి వీలైన చోటితో వారు నొక్కొచ్చు. దాని పెట్టె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చేతులు సరిగా పనిచేయనివాళ్లు చాలా పెట్టెలను పళ్లతో చించి తెరుస్తారని వాళ్లతో మాట్లాడినప్పుడు తెలిసి, పళ్ల అవసరమే రాకుండా పెట్టెకు పెద్ద పెద్ద ఉంగరాల్లాంటి పట్టీలు పెట్టారు. వేలు దూర్చి లాగితే చాలు. వాడే మనిషిని ముందు అడిగి చేసిన పని ఇలా ఉంటుంది. ఈ కంట్రోలర్ బ్లూటూత్‌తో ఐప్యాడ్‌కూ జత అవుతుంది.

అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు ఐప్యాడ్‌లోనే ఒక సదుపాయం ఉంది. ఆపిల్ 2022లో 'బడ్డీ కంట్రోలర్' అని తెచ్చింది. రెండు మామూలు కంట్రోలర్లు జత చేస్తే ట్యాబ్ రెండింటినీ ఒకే ఆటగాడిగా చూస్తుంది. తమ్ముడు తనకు వీలైన ఒక్క బటన్ పట్టుకుంటాడు, మిగతావి అక్క నొక్కుతుంది. కారు స్టీరింగ్ అక్కది, వేగం తమ్ముడిది. గెలిస్తే ఇద్దరిదీ. ఇంట్లో ఇలా ఆడిన పిల్లవాడు 'నేను చూస్తూ కూర్చుంటా' అనే మాట అనక్కర్లేదు. నాకు ఈ మొత్తం సాంకేతికతలో అన్నిటికన్నా విలువైనది ఇదే అనిపిస్తుంది.

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. పిల్లలకు అక్కడ పాఠాలతో పాటు ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు. అక్కడ ఒక ట్యాబ్, రెండు బ్లూటూత్ కంట్రోలర్లు, ఒక స్టాండ్ పెట్టడం ప్రభుత్వానికి లెక్కలోకి రాని ఖర్చు. వేలు చాచి బటన్ నొక్కడాన్ని పది నిమిషాల వ్యాయామంగా చేయమంటే విసుక్కునే పిల్లలు, తెర మీద కారు కదులుతుందంటే అదే పని ఇష్టంగా చేస్తారు. ఏ పిల్లకు ఏ బటన్, ఎంతసేపు అన్నది ఫిజియోథెరపిస్టు నిర్ణయించాలి. కొనేవి ఒకే మోడల్ అయితే నేర్పడం తేలిక. కంట్రోలర్ వెనక ఒక చీటీ అంటించి, జత చేయడానికి ఏ రెండు బటన్లు నొక్కాలో, దీపం ఎలా మెరవాలో తెలుగులో రాసి పెడితే టీచరు బదిలీ అయినా ఆట ఆగదు.